ఒక్కసారి జైల్లో వేలిముద్ర పడితే.. అమెరికాలో లోకల్ పోలీసులకు, ఐసీఈకి మధ్య లింకు ఇదీ

టోలీచౌకీ అయినా, కరీంనగర్ అయినా, గుంటూరు అయినా, పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో ఈమధ్య రెండు మాటలు బాగా వినిపిస్తున్నాయి. 'మావాడు న్యూజెర్సీలో ఉన్నాడు, అది సాంక్చురీ స్టేట్, ఐస్ వాళ్లు ముట్టుకోలేరు' అనేది ఒకటి. 'టెక్సాస్‌లో పోలీసు కారు ఆపితే చాలు, నేరుగా ఐస్‌కు అప్పజెప్పేస్తారు' అనేది రెండోది. వాట్సాప్ గ్రూపుల్లో రెండూ జోరుగా తిరుగుతున్నాయి. రెండూ సగం నిజాలే. మిగతా సగం తెలియక బెయిల్ డబ్బులు కట్టి మరీ పిల్లల్ని ఇబ్బందుల్లో పడేస్తున్న కుటుంబాలూ ఉన్నాయి. అసలు అక్కడ ఏ పోలీసు ఎవరి మాట వినాలి, ఎక్కడ వినక్కర్లేదు అనేది తెలిస్తే ఈ గందరగోళం చాలా వరకు తగ్గుతుంది.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. మన దేశంలో విదేశీయుల వ్యవహారం కేంద్రానిది, పోలీసులు రాష్ట్రానివాళ్లు. అయినా చాలా జిల్లాల్లో ఎస్పీయే ఫారినర్స్ రిజిస్ట్రేషన్ ఆఫీసర్. కేంద్రం చెబితే రాష్ట్ర పోలీసు చెయ్యను అనడం మనకు ఊహకే అందదు. అమెరికాలో అలా కాదు. అక్కడ ఇమిగ్రేషన్ పూర్తిగా ఫెడరల్ ప్రభుత్వం పని. ఆ పని చేసే ఏజెన్సీ ఐసీఈ, జనం నోట్లో 'ఐస్'. 2003లో హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ శాఖ కింద ఏర్పడింది. నగర పోలీసులు, కౌంటీ షెరీఫ్‌లు దాని కింద పనిచెయ్యరు. వాళ్లను ఆదేశించే అధికారం కూడా దానికి లేదు.

ఈ మాట తేల్చింది ఇమిగ్రేషన్ కేసు కాదు, తుపాకుల కేసు. తుపాకీ కొనేవాళ్ల వివరాలు లోకల్ షెరీఫ్‌లు తనిఖీ చెయ్యాలని 1993లో ఫెడరల్ చట్టం వచ్చింది. మోంటానా, అరిజోనాలకు చెందిన ఇద్దరు షెరీఫ్‌లు కోర్టుకెక్కారు. 1997లో 'ప్రింట్జ్ వర్సెస్ యునైటెడ్ స్టేట్స్' కేసులో సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో తీర్పు చెప్పింది. ఫెడరల్ ప్రభుత్వం తన పథకాన్ని అమలు చెయ్యమని రాష్ట్రాల అధికారులను బలవంతపెట్టకూడదని దాని సారాంశం. అప్పట్లో తుపాకీ హక్కుల వాళ్లు సంబరపడిన తీర్పు అది. ఇప్పుడు కాలిఫోర్నియా, ఇల్లినాయిస్ లాంటి రాష్ట్రాలు ఐసీఈకి సాయం చెయ్యం అనడానికి అదే తీర్పును ముందు పెడుతున్నాయి!

దీనికి రెండో వైపు కూడా ఉంది. రాష్ట్రం సాయం చెయ్యకపోవచ్చు, కానీ అడ్డుపడకూడదు. ఐసీఈ ఏజెంట్లు తమంతట తాము వీధిలో, పార్కింగ్‌లో, అపార్ట్‌మెంట్ ముందు అరెస్ట్ చేస్తే ఏ సాంక్చురీ చట్టమూ ఆపలేదు. 'సాంక్చురీ' అనే పదానికి చట్టంలో నిర్వచనమే లేదు. 'మా పోలీసులు, మా జైళ్లు మీ పని చెయ్యవు' అని చెప్పడమే ఆ రాష్ట్రాలు చేసేది. మనవాళ్లకు ఎక్కువగా అర్థంకానిది ఇదే.

జైలు గేటు దగ్గర జరిగేది

కథ మొత్తం కౌంటీ జైలు చుట్టూ తిరుగుతుంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోవచ్చు. దాని జైలును సాధారణంగా షెరీఫ్ నడుపుతారు. చాలా చోట్ల షెరీఫ్ ఎన్నికల్లో గెలిచి వచ్చిన మనిషి. నగర పోలీసులు ఎవరినైనా అరెస్ట్ చేస్తే జైల్లో 'బుకింగ్' చేస్తారు. ఫొటో తీస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు.

ఆ వేలిముద్రలు పాత నేరాల తనిఖీ కోసం ఎఫ్‌బీఐకి వెళ్తాయి. 2008లో మొదలైన 'సెక్యూర్ కమ్యూనిటీస్' కార్యక్రమం కింద ఎఫ్‌బీఐ వాటిని హోమ్‌ల్యాండ్ సెక్యూరిటీ డేటాబేస్‌తో కూడా పోల్చి చూస్తుంది. 2013 మొదటికల్లా ఇది దేశం మొత్తానికీ పాకింది. ఒబామా 2014లో ఆ కార్యక్రమం పేరు తీసేశారు, ట్రంప్ 2017లో మళ్లీ పెట్టారు, బైడెన్ మళ్లీ తీశారు. పేరు మారింది గానీ వేలిముద్రలు వెళ్లడం మాత్రం ఒక్క రోజు కూడా ఆగలేదు. న్యూజెర్సీ అయినా, కాలిఫోర్నియా అయినా అంతే. వీసా కోసం హైదరాబాద్‌లో ఇచ్చిన వేలిముద్రలు ఆ డేటాబేస్‌లో ఎలాగూ ఉంటాయి. కాబట్టి మనవాళ్లు ఏ రాష్ట్రంలో బుక్ అయినా ఆ సంగతి ఫెడరల్ ప్రభుత్వానికి తెలుస్తుంది.

రాష్ట్రాన్ని బట్టి తేడా వచ్చేది ఆ తర్వాతే. దేశం నుంచి పంపించదగిన మనిషి అని ఐసీఈకి అనిపిస్తే జైలుకు ఒక కాగితం పంపుతుంది. దాని పేరు డిటైనర్. మనిషిని వదలాల్సిన టైమ్ వచ్చినా ఇంకో 48 గంటల దాకా ఉంచండి, మేం వచ్చి తీసుకెళ్తాం అని అందులో ఉంటుంది. దాని మీద సంతకం చేసేది జడ్జి కాదు, ఇమిగ్రేషన్ ఆఫీసర్. దానితో పాటు వచ్చే వారెంట్ కూడా ఆ శాఖ సొంత వారెంటే, కోర్టుది కాదు.

మరి జైలు ఆ మాట వినాలా? పెన్సిల్వేనియాలోని లీహై కౌంటీలో 2008లో ఒక అమెరికన్ పౌరుడు, న్యూజెర్సీలోనే పుట్టినవాడు, బెయిల్ కట్టినా డిటైనర్ ఉందని మూడు రోజులు జైల్లో ఉండాల్సి వచ్చింది. పౌరుడినే విదేశీయుడనుకున్నారు. ఆ కేసులో 2014లో ఫెడరల్ అప్పీల్ కోర్టు, డిటైనర్ అనేది విన్నపమే, ఆదేశం కాదని చెప్పింది. కౌంటీ దాన్ని పాటిస్తే ఆ తప్పుకు కౌంటీయే జవాబు చెప్పుకోవాలి. అదే ఏడాది ఓరెగాన్‌లో మరో ఫెడరల్ కోర్టు, సరైన ఆధారం లేకుండా డిటైనర్ మీద మనిషిని జైల్లో ఉంచడం రాజ్యాంగ విరుద్ధమంది. దాంతో ఎన్నో కౌంటీలు వెనక్కి తగ్గాయి. ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. డిటైనర్ మీద అదనంగా ఉంచినందుకు ఐసీఈ జైలుకు ఖర్చు ఇవ్వదు. కేసు ఓడితే నష్టపరిహారం కౌంటీ ఖజానా నుంచే పోతుంది. అంటే పని ఒకరిది, బిల్లు ఇంకొకరిది.

రాష్ట్రం మారితే రూల్ మారుతుంది

న్యూజెర్సీలో 2018 నవంబర్‌లో అటార్నీ జనరల్ 'ఇమిగ్రెంట్ ట్రస్ట్ డైరెక్టివ్' ఇచ్చారు. దాని ప్రకారం లోకల్ పోలీసులు ఇమిగ్రేషన్ స్టేటస్ కోసం మనుషుల్ని ఆపకూడదు. డిటైనర్ ఉందన్న ఒక్క కారణంతో జైలు మనిషిని ఉంచెయ్యకూడదు. తీవ్రమైన నేరాల కేసులున్నవాళ్లకు, జడ్జి ఇచ్చిన ఫైనల్ డిపోర్టేషన్ ఆర్డర్ ఉన్నవాళ్లకు మినహాయింపులు ఉన్నాయి. రెండు కౌంటీలు దీన్ని సవాల్ చేస్తే 2021లో అప్పీల్ కోర్టు డైరెక్టివ్ వైపే నిలిచింది. కాలిఫోర్నియాలో 2017 నాటి ఎస్‌బీ 54 చట్టం ఇదే దారిలో ఉంది. అయితే అక్కడి రాష్ట్ర ప్రిజన్ల శాఖ మాత్రం ఐసీఈకి సహకరిస్తూనే ఉంది. డెవాన్ అవెన్యూ వల్ల హైదరాబాదీలకు బాగా తెలిసిన షికాగో ఉన్న ఇల్లినాయిస్‌లో 2017లో 'ట్రస్ట్ యాక్ట్' వచ్చింది. దాని మీద సంతకం పెట్టిన గవర్నర్ బ్రూస్ రౌనర్ రిపబ్లికన్! 2025లో ఫెడరల్ ప్రభుత్వం ఇల్లినాయిస్ మీద వేసిన దావాను ఆ ఏడాది జులైలో ఫెడరల్ జడ్జి కొట్టేశారు.

టెక్సాస్ పూర్తిగా ఉల్టా. 2017లో తెచ్చిన ఎస్‌బీ 4 చట్టం ప్రకారం అక్కడి జైళ్లు డిటైనర్‌ను పాటించి తీరాలి. పాటించని షెరీఫ్ పదవి పోగొట్టుకోవచ్చు, కేసు కూడా ఎదుర్కోవచ్చు. ఉల్లంఘించిన సంస్థకు రోజుకు 25,500 డాలర్ల వరకు జరిమానా పడొచ్చు. అంటే ఫెడరల్ ప్రభుత్వం బలవంతపెట్టలేని పనిని రాష్ట్రమే తన కౌంటీలతో బలవంతంగా చేయిస్తోంది. ప్రింట్జ్ తీర్పు దీనికి అడ్డు కాదు, ఎందుకంటే కౌంటీలు రాష్ట్రం కిందివే. ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో.. మనవాళ్లు దట్టంగా ఉన్న ఊళ్లన్నీ ఈ చట్టం కిందకే వస్తాయి. అట్లాంటా పక్కన ఉన్న కౌంటీలకు 2024 నాటి జార్జియా చట్టం ఇలాంటిదే.

నార్త్ కరోలినా ఉదాహరణ ఇంకా ఆసక్తికరం. షార్లెట్ ఉన్న మెక్లెన్‌బర్గ్ కౌంటీలో 2018 షెరీఫ్ ఎన్నికల్లో ఐసీఈ ఒప్పందమే పెద్ద ఇష్యూ. గెలిచిన షెరీఫ్ డిసెంబర్‌లో పదవిలోకి రాగానే దాన్ని రద్దు చేశారు. ఆరేళ్ల తర్వాత, 2024 నవంబర్‌లో, రాష్ట్ర అసెంబ్లీ గవర్నర్ వీటోను కూడా తోసిపుచ్చి షెరీఫ్‌లందరూ ఐసీఈకి సహకరించాల్సిందేనని చట్టం చేసింది. ఊరు అదే, జైలు అదే. 2018లో బుక్ అయిన మనిషికి ఒక రూల్, 2025లో బుక్ అయిన మనిషికి ఇంకో రూల్. ఫలానా ఊళ్లో మా చుట్టానికి ఏమీ కాలేదు అనే మాటను ఎందుకు నమ్మకూడదో ఇక్కడే తెలుస్తుంది.

287(జి) అంటే ఏమిటి

డిటైనర్ కన్నా ఒక మెట్టు పైది 287(జి). 1996 ఇమిగ్రేషన్ చట్టం ద్వారా చేర్చిన సెక్షన్ అది. ఐసీఈతో రాతపూర్వక ఒప్పందం చేసుకున్న పోలీసు విభాగంలో కొందరికి ట్రైనింగ్ ఇచ్చి, ఐసీఈ ఆఫీసర్ చేసే పనుల్లో కొన్ని చేసే అధికారం ఇస్తారు. ఇందులో రకాలున్నాయి. ఒకటి జైలు లోపలే ఖైదీల స్టేటస్ తనిఖీ చేసేది. ఇంకోటి కేవలం ఐసీఈ వారెంట్ అందజేసేది. మూడోది టాస్క్‌ఫోర్స్ మోడల్, అంటే మామూలు డ్యూటీలో రోడ్డు మీద ఉన్న పోలీసే స్టేటస్ అడిగి అరెస్ట్ చెయ్యగలగడం. భయపడాల్సింది ఈ మూడోదానికే.

దీని చరిత్ర అంత మంచిది కాదు. అరిజోనాలోని మారికోపా కౌంటీలో షెరీఫ్ జో అర్పాయో 2007లో ఈ ఒప్పందం చేసుకుని లాటినోలు ఉన్న బస్తీల్లో వరసగా వాహనాలు ఆపించారు. 2011లో జస్టిస్ డిపార్ట్‌మెంట్ ఇది జాతి వివక్ష అని తేల్చింది, ఒప్పందం రద్దయింది. 2013లో ఫెడరల్ కోర్టు కూడా అదే చెప్పింది. కోర్టు ఆర్డర్ ధిక్కరించినందుకు అర్పాయో 2017 జులైలో దోషిగా తేలారు, ఆగస్టులో ట్రంప్ క్షమాభిక్ష ఇచ్చేశారు. ఇలాంటి గొడవల వల్లే ఒబామా ప్రభుత్వం 2012లో టాస్క్‌ఫోర్స్ మోడల్‌ను ఎత్తేసింది. 2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం దాన్ని మళ్లీ బతికించింది. ఆ సెప్టెంబర్‌కల్లా 287(జి) ఒప్పందాల సంఖ్య వెయ్యి దాటింది. ఫ్లోరిడాలో 67 కౌంటీలూ చేరిపోయాయి. టెక్సాస్ 2025లో చేసిన ఎస్‌బీ 8 చట్టం ప్రకారం జైలు నడిపే షెరీఫ్‌లు ఒప్పందం చేసుకోవాల్సిందే. అది 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

ఈ వేగం వెనుక డబ్బు కూడా ఉంది. ఇంతకుముందు 287(జి)లో చేరితే ఖర్చు కౌంటీదే. 2025 అక్టోబర్ నుంచి ట్రైనింగ్ పొందిన ఆఫీసర్ల జీతాలు, ఓవర్‌టైమ్‌లో కొంత భాగం తామే ఇస్తామని ఫెడరల్ ప్రభుత్వం ప్రకటించింది. 2025 జులైలో ట్రంప్ సంతకం చేసిన బడ్జెట్ చట్టం ఒక్క డిటెన్షన్ కోసమే 4,500 కోట్ల డాలర్లు కేటాయించింది. బడ్జెట్ బిగుతుగా ఉన్న చిన్న కౌంటీకి ఇది కాదనలేని ఆఫర్. బలవంతపెట్టడం కుదరని చోట జీతం ఇస్తామంటున్నారు, అంతే తేడా.

సహకారం కావాలనేవాళ్ల వాదన కూడా కొట్టిపారేసేది కాదు. నేరం చేసిన మనిషిని జైల్లో అప్పగిస్తే గొడవ లేకుండా పోతుంది, వదిలేస్తే తర్వాత ఇళ్ల మీదకు, వీధుల్లోకి వెళ్లి వెతకాల్సి వస్తుంది అని వాళ్లంటారు. అవతలి వాదన, పోలీసే ఐస్ అయితే బాధితులు పోలీసు దగ్గరకు రారు అనేది. మనవాళ్ల విషయంలో ఈ రెండో మాటలో చాలా నిజముంది. గ్యాస్ స్టేషన్లో, చిన్న స్టోర్‌లో రాత్రి షిఫ్ట్ చేసే విద్యార్థి దోపిడీకి గురైతే, అనుమతి లేని ఉద్యోగం సంగతి బయటపడుతుందని కంప్లయింట్ ఇవ్వడానికే జంకుతాడు. తీవ్రమైన దాడులకు గురై పోలీసులకు సహకరించిన వాళ్ల కోసం యు వీసా అనే రక్షణ 2000 నుంచి ఉంది. కానీ దానికి దర్యాప్తు చేసిన విభాగం సర్టిఫికెట్ ఇవ్వాలి. స్టేషన్‌కే వెళ్లనివాడికి అది ఎవరిస్తారు?

వీసా ఉన్నవాళ్లకు ఏమిటి ఇబ్బంది

ఎఫ్-1, ఓపీటీ, హెచ్-1బీ మీద సక్రమంగా ఉన్నవాళ్లను కేవలం బుక్ అయ్యారని పంపించేయలేరు. 2025 జనవరిలో వచ్చిన 'లేకెన్ రైలీ యాక్ట్', అంటే చిన్న దొంగతనం ఆరోపణకే తప్పనిసరి డిటెన్షన్ అనే చట్టం, ప్రధానంగా అనుమతి లేకుండా సరిహద్దు దాటి వచ్చినవాళ్లకు, తగిన పత్రాలు లేనివాళ్లకు, మోసంతో ప్రవేశించినవాళ్లకు వర్తించేది. అయినా నిశ్చింతగా ఉండే పరిస్థితి లేదు. 2015 నుంచే, మద్యం తాగి కారు నడిపారని అరెస్ట్ అయితే, నేరం రుజువు కాకముందే వీసా రద్దు చెయ్యొచ్చన్న రూల్ ఉంది. 2025 ఏప్రిల్‌లో వేలాది విద్యార్థుల సెవిస్ రికార్డులు రాత్రికి రాత్రి రద్దయ్యాయి. దాదాపు 13 లక్షల విద్యార్థుల పేర్లను ఎఫ్‌బీఐ నేర రికార్డుల్లో వేసి చూస్తే 6,400 దాకా దొరికాయని, వాటి నుంచే ఈ పని మొదలైందని అధికారులు కోర్టులో చెప్పారు. దొరికినవాటిలో కొట్టేసిన కేసులు, ట్రాఫిక్ తప్పులు కూడా ఉన్నాయి. అమెరికన్ ఇమిగ్రేషన్ లాయర్ల సంఘం సేకరించిన 327 కేసుల్లో సగం భారతీయులవే. కోర్టుల్లో వరసగా ఎదురుదెబ్బలు తగిలాక నెలాఖరులో రికార్డులు తిరిగి తెరిచారు. లోకల్ పోలీసు ఎప్పుడో నమోదు చేసిన చిన్న ఎంట్రీ ఎంత దూరం ప్రయాణిస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

అందుకే టికెట్‌కు, బుకింగ్‌కు తేడా తెలిసి ఉండాలి. స్పీడింగ్‌కు చేతికి టికెట్ ఇచ్చి పంపిస్తే సాధారణంగా వేలిముద్రలు ఉండవు. స్టేషన్‌కో జైలుకో తీసుకెళ్లి బుక్ చేస్తే ఉంటాయి. ఏది చెయ్యాలనేది చాలా వరకు ఆ పోలీసు ఇష్టం. టెక్సాస్‌లోని లాగో విస్టాలో సీట్ బెల్ట్ పెట్టుకోని ఒక తల్లిని సంకెళ్లు వేసి తీసుకెళ్లారు. గరిష్ఠ జరిమానా 50 డాలర్లే ఉన్న తప్పు అది. అయినా ఆ అరెస్ట్ చెల్లుతుందని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. జార్జియాలో సరైన లైసెన్స్ లేకుండా నడపడం జరిమానాతో పోయేది కాదు, అది మిస్‌డిమీనర్ నేరం. ఇక్కడి లైసెన్స్ మీదే నెట్టుకొస్తూ లోకల్ లైసెన్స్ తీసుకోవడం వాయిదా వేసేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన విషయం ఇది.

బుక్ అయ్యాక కుటుంబాలు చేసే మొదటి పని ఎలాగైనా బెయిల్ కట్టడం. ఇక్కడే చిక్కు. డిటైనర్ ఉండగా బెయిల్ కడితే మనిషి ఇంటికి రాడు. 48 గంటల గడియారం మొదలవుతుంది, ఐసీఈ తీసుకెళ్తుంది. క్రిమినల్ కేసు వాయిదాకు అతను హాజరు కాలేకపోతే కట్టిన డబ్బూ ప్రమాదంలో పడుతుంది. కాబట్టి బెయిల్ కన్నా ముందు జైలుకు ఫోన్ చేసి 'ఇమిగ్రేషన్ హోల్డ్ ఉందా?' అని అడగాలి. ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడాకే కట్టాలి.

లాయర్ సంగతికొస్తే, క్రిమినల్ కోర్టులో డబ్బు లేనివాళ్లకు ప్రభుత్వ లాయర్ దొరుకుతారు, ఇమిగ్రేషన్ కోర్టులో దొరకరు. 2010లో 'పడిల్లా వర్సెస్ కెంటకీ' తీర్పు ప్రకారం, నేరం ఒప్పుకుంటే ఇమిగ్రేషన్ మీద ఏ ప్రభావం పడుతుందో క్రిమినల్ లాయర్ చెప్పి తీరాలి. అడిగి చెప్పించుకోవాలి. టెక్సాస్‌లో బాగా వినపడే 'డిఫర్డ్ అడ్జుడికేషన్' దీనికి ఉదాహరణ. నేరం ఒప్పుకుని, కొంతకాలం షరతులు పాటిస్తే రాష్ట్ర కోర్టు కేసు మూసేస్తుంది. శిక్ష పడలేదు కదా అని అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఇమిగ్రేషన్ చట్టం లెక్కలో మాత్రం అది కన్విక్షనే.

మనిషి జైలు నుంచి ఐసీఈ చేతికి వెళ్తే ఆచూకీ కోసం ఐసీఈ వెబ్‌సైట్‌లో డిటైనీ లొకేటర్ ఉంది. ఏలియన్ నంబర్ ఉంటే సులువు. లేకపోతే పేరు, పుట్టిన దేశం కొట్టాలి. పేరు అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. మన ముస్లిం కుటుంబాల్లో పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ ఖాళీగా ఉండి, వీసాలో 'ఎఫ్ఎన్‌యూ' అని పడినవాళ్లు ఎందరో. అలాంటివాళ్లను ఇంట్లో పిలిచే పేరుతో వెతికితే దొరకరు. వీసా మీద ఉన్నది ఉన్నట్టు కొట్టాలి. అందుకే పాస్‌పోర్ట్, వీసా, ఐ-20 లేదా ఐ-797 కాపీలు ఇక్కడ ఇంట్లో కూడా ఒక సెట్ ఉండాలి.

వియన్నా ఒప్పందంలోని 36వ ఆర్టికల్ ప్రకారం, పట్టుబడిన విదేశీయుడు కోరితే అతని దేశ కాన్సులేట్‌కు అధికారులు తెలియజేయాలి. కొన్ని దేశాలవాళ్ల విషయంలో అడగకపోయినా చెప్పాల్సిందే. ఇండియా ఆ జాబితాలో లేదు. జైల్లో ఉన్న మనిషి నోరు తెరిచి 'ఇండియన్ కాన్సులేట్‌కు చెప్పండి' అనాలి, లేదా కుటుంబమే రాయాలి. టెక్సాస్‌లో ఉంటే హ్యూస్టన్, జార్జియా, ఫ్లోరిడా అయితే అట్లాంటా, న్యూజెర్సీ అయితే న్యూయార్క్, ఇల్లినాయిస్ అయితే షికాగో కాన్సులేట్ చూసుకుంటుంది.